ఐదో తీగ



పెళ్లి స్టేజి మీద ఇంకో అర నిమిషంలో పాట ఎత్తుకోవాలి. గాయకుడు మైకుని చేత్తో మూసి వెనక్కి తిరుగుతాడు. "అన్నా, గొంతు పట్టేసింది. అరశ్రుతి దించేద్దాం." మూడు శ్రుతిలో ప్రాక్టీసు చేసిన పాట రెండున్నరకి దిగాలి. కీబోర్డు అతనికి ఏ ఇబ్బందీ లేదు, ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కితే సరి. ప్యాడ్లు వాయించేవాళ్లకి అసలు సంబంధమే లేదు. ఇరుక్కునేది బేస్ గిటార్ అతను.

నాలుగు తీగల బేస్ గిటార్లో అన్నిటికన్నా లావు తీగని వేలు పెట్టకుండా మీటితే పలికేది ఇ, మన హార్మోనియం లెక్కలో మూడు. ఆ వాద్యంలో అంతకన్నా కిందకి దారి లేదు. పాట మూడు శ్రుతిలో ఉన్నంతసేపూ కింది షడ్జం ఊరికే దొరుకుతుంది. రెండున్నర అనగానే చేజారిపోతుంది. పక్క తీగ మీద ఆరో ఫ్రెట్, అంటే ఆరో అడ్డపట్టీ దగ్గర, దాదాపు ఒక స్థాయి పైన వెతుక్కోవాలి. పాట అరశ్రుతి కిందకి దిగింది, పాటని కింద నుంచి మోయాల్సిన స్వరమేమో అటకెక్కి కూర్చుంది. ఐదు తీగల గిటార్ ఉన్నతను మాత్రం చెయ్యి ఒక్క ఫ్రెట్ వెనక్కి జరిపి, మొదలుపెట్టమన్నట్టు డ్రమ్మర్ వంక చూసి తల ఊపుతాడు.

ఇవాళ ఆ ఐదో తీగ గురించి మాట్లాడదామని వచ్చాను. అదీ చవక గిటార్ మీద ఉండే ఐదో తీగ గురించి. లక్షలు పోసి కొనే వాద్యాల గొప్ప చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో, కాలేజీ బ్యాండుల్లో మనవాళ్ల భుజాన కనపడేది మాత్రం ఎక్కువగా పాతిక ముప్పై వేల రూపాయల సరుకే. ఐబనెజ్ వాళ్ల జీఎస్సార్ 205, యమహా వాళ్ల టీఆర్‌బీఎక్స్ 305 లాంటివి ఆ తరగతికి కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. నేను వాయించేదీ ఆ తరగతిదే.

తీగల వరస కింద నుంచి చెప్తాను: బి, ఇ, ఎ, డి, జి. హార్మోనియం లెక్కలో ఏడు, మూడు, ఆరు, రెండు, ఐదు. ఏ తీగ నుంచి పక్క తీగకి చూసినా దూరం ఒకటే, షడ్జం నుంచి శుద్ధ మధ్యమం ఎంతో అంత. వీణలో ఇలా ఉండదు. సారణికీ పంచమానికీ మధ్య ఒక దూరం, పంచమానికీ మంద్రానికీ మధ్య ఇంకో దూరం. అందుకని వీణ మీద తీగ మారితే వేళ్ల లెక్క మారుతుంది. బేస్ గిటార్లో మారదు. ఒక శ్రుతిలో నేర్చుకున్న వేళ్ల నడకని అలాగే ఎత్తి ఇంకో చోట పెట్టుకోవచ్చు. కింద తీగలు ఉన్నంతవరకే అనుకోండి. నాలుగు తీగల గిటార్లో ఆ నడక మధ్యలో తెగిపోయే చోట్లు ఎక్కువ. ఐదో తీగ ఉంటే తెగదు.

కొత్త స్వరాలు లెక్కపెడితే ఐదంటే ఐదే వస్తాయి: బి, సి, సి షార్ప్, డి, డి షార్ప్. ఐదో ఫ్రెట్ దగ్గరకొచ్చేసరికి మళ్లీ పాత ఇ. ఈ ఐదింటికోసం ఇంత లావు తీగా, ఇంత వెడల్పు నెక్కా అని నాలుగు తీగల వాళ్లు ఎగతాళి చేస్తారు. చెయ్యనివ్వండి. మన మగ గొంతులు ఎక్కువగా పాడే శ్రుతులు ఏవి? ఒకటి, ఒకటిన్నర, రెండు. అంటే సి, సి షార్ప్, డి. ఆ మూడు షడ్జాలూ సరిగ్గా ఆ ఐదింటిలోనే ఉన్నాయి. ఇక ఆడవాళ్లు పాడే నాలుగున్నర, ఐదు, ఐదున్నర శ్రుతులు అదే తీగ మీద ఏడు, ఎనిమిది, తొమ్మిది ఫ్రెట్ల దగ్గర దొరుకుతాయి. అక్కడ ఫ్రెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి వేళ్లు సాగదీయాల్సిన పని తక్కువ. మూడు గంటల ప్రోగ్రాం వాయించిన మణికట్టుని అడిగితే ఆ తేడా చెప్తుంది.

అసలు ఈ వాద్యానికి నాలుగే తీగలు ఎందుకున్నాయంటే, దాని పూర్వీకుడికి నాలుగే ఉన్నాయి కనుక. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. అప్పటిదాకా బేస్ అంటే నిలబెట్టి వాయించే, మనిషంత ఎత్తు డబుల్ బేస్. దాన్ని ఆయన భుజానికి తగిలించుకునేట్టు చేశాడు, ఫ్రెట్లు పెట్టి స్వరం తప్పిపోకుండా చేశాడు. తీగ మోగే పొడవు 34 అంగుళాలు పెట్టాడు. చవకవీ ఖరీదైనవీ అన్న తేడా లేకుండా ఇవాళ్టికీ చాలా బేస్ గిటార్లకి అదే కొలత. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి జేమ్స్ జేమర్సన్ ఆ నాలుగు తీగల మీద, కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితో మీటుతూ, వాయించింది వింటే ఇంకో తీగ కావాలన్న మాట నోటికి రాదు. కనుక నాలుగు చాలవని నేను అనను.

మొదట ఐదో తీగ చేర్చిందీ ఫెండర్ కంపెనీయే, 1965లో. విచిత్రం ఏమిటంటే దాన్ని కింద కాకుండా పైన చేర్చారు. పై స్వరాలకి చెయ్యి ఎగబాకక్కర్లేదు కదా అని ఫ్రెట్లు పదిహేనుకి కుదించేశారు. పెద్దగా ఎవరూ కొనలేదు. కిందకి దిగాలన్న ఆలోచన డెబ్బైల్లో వచ్చింది. న్యూయార్క్‌లో ఆంథొనీ జాక్సన్ 1975లో కార్ల్ థాంప్సన్ చేత ఆరు తీగల బేస్ చేయించుకున్నాడు, కింద ఒకటి పైన ఒకటి పెంచి. మరుసటి ఏడు జిమ్మీ జాన్సన్ ఆలెంబిక్ కంపెనీ ఐదు తీగల బేస్‌కి కింది బి వేయించుకున్నాడు.

ఇవన్నీ నిపుణుల ముచ్చట్లు. కింది బి తీగని దుకాణాల్లోకి లాక్కొచ్చింది సింథసైజర్. 1983లో యమహా డీఎక్స్ 7 వచ్చాక ఎడమచేత్తో కీబోర్డు మీద ఎంత కిందకి కావాలంటే అంత కిందకి బేస్ వాయించడం మామూలైపోయింది. స్టూడియోల్లో తమ పని పోతుందని బేస్ గిటార్ వాళ్లూ కిందకి దిగారు. 1987లో మ్యూజిక్‌మాన్ కంపెనీ స్టింగ్‌రే ఐదు తీగలది తెచ్చింది. మన సినిమా పాటల్లోనూ ఆ మార్పు చెవికి తెలుస్తుంది. ఎనభైల్లో ఇళయరాజా బేస్ గిటార్‌కి పాటతో సమానంగా నడిచే ఇంకో బాణీ రాసేవారు. రాజ్-కోటి జోరుమీదున్న కాలానికి వచ్చేసరికి చాలా పాటల్లో కింది స్వరాలు కీబోర్డు నుంచే వస్తున్నాయి. కీబోర్డులో పుట్టిన ఆ బేస్‌ని ఇవాళ స్టేజి మీద గిటార్‌తో వాయించమంటే, నాలుగు తీగలతో సర్దుకోవడం కష్టమే మరి.

ఇప్పుడు మీకు ఆ తీగ వినిపిస్తాను.

(బేస్ గిటార్: బి తీగ, వేలు పెట్టకుండా, రెండుసార్లు.)

విన్నారు కదా. నిజానికి మీలో చాలామంది ఆ స్వరం వినలేదు. ఆ తీగ సెకనుకి దాదాపు 31 సార్లు ఊగుతుంది. మీ వంటింట్లో రేడియో స్పీకరు గానీ, చేతిలో సెల్‌ఫోన్ స్పీకరు గానీ అంత కింది స్వరాన్ని పలికించలేవు. మరి ఏదో లోతుగా మోగినట్టు ఎందుకు అనిపించింది? ఏ తీగా ఒక్క స్వరమే పలకదు. 31తో పాటు 62, 93, 124 ఇలా దాని రెట్టింపులూ మూడింతలూ నాలుగింతలూ కలిసి మోగుతాయి. చిన్న స్పీకర్లోంచి వచ్చేవి ఆ మెట్లలో బాగా పైన ఉన్నవే. వాటి మధ్య ఎడం 31గా ఉండటం గమనించి, కింద 31 ఉండితీరాలని మన మెదడే లెక్కకట్టి దాన్ని వినిపిస్తుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు 300కి కిందవాటిని పంపేవే కావు. మగవాళ్ల గొంతు మూలస్వరం నూటికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అయినా ఫోన్లో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినపడేది. అదే కిటుకు.

పెద్ద హాల్లో, పద్దెనిమిది అంగుళాల స్పీకర్ల ముందు నిలబడితే ఆ 31 పొట్టలో తెలుస్తుంది. తెలిసేలోపు సౌండ్ అతను వచ్చి, హాలంతా గుంయ్యిమంటోందని 40కి కిందవన్నీ కోసేసి వెళ్లిపోతాడు. మనం కొన్న ఐదు కొత్త స్వరాల మూలాలన్నీ ఆ కోతలో పోతాయి. నేను దెబ్బలాడను. అతను చేసేది సబబే.

చవక గిటార్ సంగతి ఇక్కడే తేలుతుంది. వినేవాళ్ల చెవికి చేరేది మూలస్వరం కన్నా దాని పైమెట్లే అయినప్పుడు, ఆ పైమెట్లు శుభ్రంగా మోగాలి. చవక గిటార్లో చెడేది అక్కడే. మిగతా నాలుగు తీగలూ చక్కగా పలుకుతుంటాయి, బి తీగ దగ్గరకి రాగానే స్వరం ముద్దగా, ఏదీ తేలకుండా వస్తుంది. కారణం కొలతల్లో ఉంది. అన్ని తీగల పొడవూ ఒకటే కాబట్టి, కింది స్వరం కావాలంటే తీగ బరువు పెంచాలి, లేదా బిగువు తగ్గించాలి. రెండూ చేస్తారు. సన్న తీగ జి దాదాపు 1.1 మిల్లీమీటర్లు ఉంటే, బి 3.3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంత లావు తీగ తీగలా వంగదు, సగం కడ్డీలా బిర్రుగా ఉంటుంది. బిర్రుతనం పెరిగినకొద్దీ పైమెట్లు ఉండాల్సిన చోటికన్నా కాస్త పైకి జరుగుతాయి. మెదడు వేసే లెక్క కుదరదు. ముద్దగా ఉందని మనం అనేది దాన్నే. కొన్ని కంపెనీలు పొడవు 35 అంగుళాలకి పెంచి, తీగ ఇంకాస్త బిగిసేట్టు చేస్తాయి. ఈ ధరలో అది అరుదు.

ఇంత ఉన్నా, గిటార్ మార్చక్కర్లేదని నా అభిప్రాయం. అదే డబ్బులో చిన్న భాగం మంచి తీగల సెట్టుకీ, సెటప్ తెలిసిన మనిషికీ పెడితే చాలావరకు తీరుతుంది. మా వైపు హార్మోనియంలూ గిటార్లూ బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. ఏ కొత్త గిటార్ తీసుకెళ్లినా ముందు ఆంప్లిఫయర్‌కి తగిలించనివ్వరు. "మాస్టారూ, కరెంటు తర్వాత. ముందు కొయ్య ఏమంటోందో విననివ్వండి" అని గిటార్ పై కొమ్ముకి చెవి ఆనించి బి తీగ మీటుతారు. తర్వాత నట్, అంటే ట్యూనింగ్ కీల వైపు తీగలు కూర్చునే గాడుల పట్టీ చూస్తారు. ఫ్యాక్టరీలో ఆ గాడి ఇరుకుగా కోసి వదిలేస్తే లావు తీగ అందులో దిగకుండా పైన వేలాడుతుంది. సన్న ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, తీగ పెట్టి చూసి, మళ్లీ రెండు రుద్దుతారు. ఎక్కువ పోతే ఇక నట్ మార్చడమే, అందుకని తొందరపడరు.

ఆ తర్వాత నెక్ వంపు. ఐదు తీగలూ కలిసి నెక్‌ని లాగే బలం ఇంచుమించు క్వింటాలు ఉంటుంది. దానికి ఎదురు బిగించడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీ ఉంటుంది. తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కిపెట్టి చూస్తే మధ్యలో విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. ఎక్కువున్నా తక్కువున్నా ఆ రాడ్‌ని పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి, మళ్లీ చూడాలి. బందరు, కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి ఈ పని తప్పదు.

ఇక చివరగా బ్రిడ్జి, అంటే రెండో కొసన తీగలు ఆనే భాగం. బి తీగ కూర్చునే సాడిల్‌ని మిగతావాటికన్నా బాగా వెనక్కి లాగితే గానీ పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం కుదరదు. కొన్ని చవక బ్రిడ్జిల్లో స్క్రూ మీదున్న స్ప్రింగ్ అడ్డం వస్తుంది. పెద్దాయన ఆ స్ప్రింగ్ తీసేసి టేబుల్ సొరుగులో పడేస్తారు. ఆ సొరుగు నిండా అవే.

చెయ్యవలసినదంతా ఆయన చేసిచ్చాక మిగిలేది మన వేళ్ల పని. ఐదు తీగల గిటార్ కొత్తగా పట్టినవాళ్లు స్వరాలు ఎక్కడున్నాయో వారంలో నేర్చేసుకుంటారు. నెలలు పట్టేది తీగలని నోరు మూయించడం. పైన జి తీగ మీద ఏ స్వరం వాయించినా, ఎవరూ ముట్టుకోని బి తీగ తనంతట తాను గుంయ్‌మంటూ ఉంటుంది. హాల్లో అది పెద్ద రొద. కాబట్టి కుడిచేతి బొటనవేలు ఒకచోట ఉండకూడదు. ఇ తీగ మీటేటప్పుడు బొటనవేలు బి మీద ఆనాలి. ఎ తీగకి వెళ్తే బొటనవేలు ఇ మీదకి జరుగుతుంది, దాని పక్క అంచు బి మీద వాలి ఉంటుంది. డి, జిల దాకా వెళ్తే అరచేయి కాస్త తిరిగి, బొటనవేలి కింది కండ రెండు మూడు తీగల మీద పడుకుంటుంది. ఎడమచేతిలో స్వరం నొక్కే వేలి కొస కూడా పక్కనున్న లావు తీగని కొద్దిగా తాకుతూ ఉండాలి. నాలుగు తీగల గిటార్లో బ్రిడ్జి దగ్గర తీగకీ తీగకీ మధ్య 19 మిల్లీమీటర్ల ఎడం మామూలు. చవక ఐదు తీగల వాటిలో చాలావరకు పదహారు పదిహేడే ఉంటుంది. మొదట్లో వేలు రెండు తీగల మధ్య ఇరుక్కుంటుంది. అలవాటయ్యాక ఆ దగ్గరతనమే నాకు మేలనిపించింది, ఒక్క బొటనవేలితో ఎక్కువ తీగలు మూయొచ్చు గదా.

శ్రుతి చేసుకునేటప్పుడు ఒక తిప్పలుంది. ఫోన్లో ట్యూనర్‌కి బి తీగ ఒక పట్టాన అర్థం కాదు. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. పన్నెండో ఫ్రెట్ మీద వేలు నొక్కకుండా ఊరికే ఆనించి మీటి, వెంటనే తీసేస్తే ఒక స్థాయి పైన గంటలాంటి స్వరం వస్తుంది. ట్యూనర్ దాన్ని ఠక్కున పట్టుకుంటుంది.

ఈ తరగతి గిటార్లలో చాలావాటికి లోపల తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చడమే దానికి స్విచ్. వాయించడం అయ్యాక కేబుల్ పీకకుండా గోడకి ఆనించి వెళ్తే రాత్రంతా బ్యాటరీ తిని, మర్నాడు స్టేజి మీద గొంతు బొంగురుపోతుంది. బ్యాగులో ఇంకో బ్యాటరీ ఉంచుకోండి.

తీగల ఖర్చు గురించి. ఐదు తీగల సెట్టు మంచిది మూడు వేలకి అటూ ఇటూ అవుతుంది. చెమట చేతులవాళ్లకి కొన్ని నెలల్లోనే ఆ మెరుపు పోయి స్వరం చప్పబడుతుంది. చుట్టల సందుల్లో చేరిన మురికే ముఖ్య కారణం. పాత వాద్యకారులు తీగలు విప్పి, చుట్టలుగా చుట్టి, గిన్నెలో పది నిమిషాలు మరగబెట్టి, తుడిచి ఆరబెట్టి మళ్లీ వేసుకుంటారు. పనిచేస్తుంది. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడనివ్వరు కాబట్టి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఇలా పునర్జన్మ ఎత్తిన తీగ ఎక్కువకాలం ఉండదు గానీ, ముహూర్తాల రోజుల్లో రెండు ప్రోగ్రాములు గట్టెక్కిస్తుంది.

మొదటి గిటారే ఐదు తీగలది కొనొచ్చా అని పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు. పదేళ్ల పిల్లకైతే వద్దు, పొట్టి నెక్ ఉన్న నాలుగు తీగలది తీసుకోండి. చెయ్యి ఎదిగిన కుర్రాడికి, అందులోనూ గాయకుల వెనక వాయించబోయేవాడికి అయితే నేరుగా ఐదు తీగలే కొనమంటాను. నాలుగింటి మీద అలవాటైన బొటనవేలిని తర్వాత మార్చుకోవడం కన్నా అది సులువు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో షాపుకి వెళ్లినప్పుడు బి తీగని ముందు ఖాళీగా, తర్వాత ఒక్కో ఫ్రెట్ దగ్గరా ఐదు దాకా మీటించి చూడండి. ఐదో ఫ్రెట్ స్వరమూ, పక్కనున్న ఇ తీగ ఖాళీ స్వరమూ ఒకటిగా కలవాలి. కలవకపోతే ఇంకోటి తియ్యమనండి. ఒకే మోడల్లో రెండు గిటార్లు ఒకేలా ఉండవు. ఒకటి నచ్చి ఇంటికి తెచ్చాక, లావు తీగ మార్చే రోజు వస్తే, కీ దగ్గర దాన్ని మడిచాకే కొస కత్తిరించండి. ముందే కత్తిరిస్తే లోపలి చుట్టు వదులైపోయి తీగ మూగబోవచ్చు. బిగించాక సాడిల్ దాటిన దగ్గర బొటనవేలితో తీగని కిందకి గట్టిగా ఒకసారి నొక్కండి. అప్పటిదాకా విల్లులా వంగి కూర్చున్న తీగ అక్కడ సరిగ్గా మడత పడుతుంది. నొక్కకముందు ఒకసారి, నొక్కాక ఒకసారి మీటి తేడా వినండి.